ముద్దాయి పేరు సూపర్

పాఠక మహాజనుల సముఖానికి,

హోసూరు నగరపాలక సంస్థ పరిధిలో ఒక సొంత ఇల్లు, దాని మీద తీరీ తీరని ఒక అప్పు, భార్య, కొడుకు, కోడలు, బడికి పోయే మనవరాలు, రెండు మోకాళ్ల నొప్పులు కలిగి, ఇంటిపన్నూ నీటిపన్నూ బాకీ లేకుండా కడుతున్న గృహస్థుణ్ణి. ఇంతవరకు ఎవరి మీదా ఫిర్యాదు చేసి ఎరగను. పక్కింటి కొబ్బరిమట్టలు మా మిద్దె మీద పడుతున్నా, ఎదురింటివాళ్ల బండి నా వాకిట్లోనే నిలుస్తున్నా, పెళ్లిమంటపం మైకు అర్ధరాత్రి దాకా మోగుతున్నా నోరు మెదపలేదు. ఇప్పుడు మెదపక తప్పడం లేదు.

ముద్దాయి మనిషి కాదు, మాట. పేరు సూపర్. పుట్టింది లాటినులో, పెరిగింది ఇంగ్లీషులో. హోదా విశేషణం. వృత్తి పొగడ్త. స్థిరనివాసం లేదు. తమిళుల ఇంట తమిళంగా, కన్నడిగుల ఇంట కన్నడంగా, మా ఇంట తెలుగుగా చెలామణి అవుతోంది. దాని మీద నా అభియోగం ఒక్కటే: నేను ఏదైనా కొనేచోట ఆ మాట నా దగ్గర రొక్కం వసూలు చేస్తుంది. నాకో నావాళ్లకో ఏదైనా రావలసినచోట రొక్కానికి బదులు తనే వచ్చి నిలబడుతుంది.

సాక్ష్యాలు ఇంటినుంచే మొదలుపెడతాను.

చలికాలం వస్తే శూలగిరి, బేరికె వైపు పల్లెల నుంచి అనపకాయలు మూటలకు మూటలు హోసూరుకు దిగుతాయి. ఈ సీమలో పుట్టినవాడికి ఆ రోజుల్లో రాగిముద్ద, పితుకుపప్పు పులుసు తినకపోతే చలికాలం వచ్చినట్టే కాదు. నోటికి ఎంత ఇష్టమో చేతికి అంత కష్టం అది. కాయ ఒలవాలి. గింజలు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే కూర్చుని ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ల సందున పట్టి పితకాలి. పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తోలు వేలికి అంటుకుంటుంది. ఇంటిల్లిపాదికీ సరిపడా పితికేసరికి బొటనవేలి కొస మొద్దుబారుతుంది. మా ఆవిడ ఇవన్నీ చేసి, మసాలా నూరి, పులుసు కాచి, ముద్ద కెలికి వడ్డించింది.

మా అబ్బాయికి ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో ముద్ద. "ఎట్లుండాదిరా?" అంది. వాడు తల ఎత్తకుండానే "సూపర్‌మా" అన్నాడు. కోడలు "సూపర్ అత్తా" అంది. మనవరాలికి నోరు ఖాళీ లేక బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి చూపించింది. అప్పుడు మా ఆవిడ తనూ కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం మారింది. పులుసులో ఉప్పు లేదు.

"ఉప్పే వెయ్యలేదు గదరా, ఒక్కరన్నా చెప్పకూడదా?" అంది.

మా అబ్బాయి అప్పుడు తల ఎత్తి, "అయినా సూపరేమా" అన్నాడు.

ఆ "అయినా" అన్న మాటను పాఠకులు దయచేసి గమనించాలి. ఉప్పు వేసినా సూపర్, వేయకపోయినా సూపర్ అయితే మా ఇంట్లో ఉప్పుడబ్బా ఎందుకు? తెల్లవారకముందే లేచి గింజలు పితికిన మనిషికి కూలి కింద దక్కింది రెండున్నర అక్షరాలు. తిన్న తర్వాత గిన్నెలు కడగడానికి ఒక్కరూ లేవలేదు. సూపర్ అని చెప్పేశాక లెక్క తీరిపోయిందని వాళ్ల ఉద్దేశం.

రెండో సాక్షి మా మిద్దె. వానలకు ముందు కారుడు ఆపించాలని ఒక మేస్త్రీని పిలిపించాను. "మీరేం యోచన చెయ్యాకండి సార్, సూపర్‌గా చేసి ఇస్తాం, పదేండ్లు పైకి చూడబన్లే" అన్నాడు. ఏదో తెల్లటి మందు పూశాడు. మందు డబ్బా మీద కూడా సూపర్ అనే రాసి ఉందని తిప్పి చూపించి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు. దీపావళి వానల మొదటి దెబ్బకే దేవుడి గదిలో చుక్క పడింది. ఫోను చేస్తే పాపం వచ్చాడు. తల పైకెత్తి, చెమ్మను కాసేపు భక్తిగా చూసి, "రాత్రి సూపర్ వాన గదా సార్" అన్నాడు.

కారింది సూపర్ పని, కార్పించింది సూపర్ వాన. ఇద్దరిలో ఎవరిని నిలదీయాలో తెలియక ఆ రెండు సూపర్ల మధ్య నేనొక బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను.

ఇక ముద్దాయి పూర్వాపరాలు. పదవీ విరమణ చేసినవాడికి తీరిక కొదవా, మూలం దాకా వెళ్లి విచారించాను. లాటినులో సూపర్ అంటే "పైన" అని, అంతే. బల్ల పైన, కొండ పైన అన్నట్టు చోటు చెప్పే మాట. మంచీ చెడ్డా దానికి పట్టవు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో సొంత కాళ్ల మీద నిలబడే శక్తి కూడా లేదు, ఇంకో మాట నెత్తిన ఎక్కి కూర్చునే ఉపసర్గ. మరి విశేషణం హోదా ఎక్కడ సంపాదించింది? వర్తకుల కొట్లో. ఇంగ్లండు వ్యాపారులు మేలురకం సరుకును సూపర్‌ఫైన్ అనేవారు. రోజూ అంత పొడుగు మాట అనలేక, రాయలేక తోక కోసి సూపర్ అన్నారు. 1830ల నాటికి ఆ ముక్క విడిగా "మేలురకం" అనే అర్థంతో తిరగడం మొదలుపెట్టింది. అంటే మనం నోరారా పొగుడుతున్నామనుకుంటున్న ఈ మాట పుట్టుకతో ఒక ధర చీటీ.

పుట్టుబుద్ధి పుడకలతో గాని పోదంటారు. బియ్యం కొట్లో రెండు సోనా మసూరి మూటలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద సూపర్‌ఫైన్ అని అచ్చువేసి ఉంటుంది, అది ఖరీదు. "దానికీ దీనికీ తేడా ఏమప్పా?" అంటే కొట్టాయన ఎంతో ఓపికగా "ఇది సూపర్ సార్" అని వివరిస్తాడు.

ఇంకో విషయం. ఇంగ్లండులో ఆ కాలంలోనే నాటకశాలల్లో సూపర్ అంటే వేరే అర్థం ఉండేది. రాజుగారి వెనక బల్లెం పట్టుకుని, నాటకమంతా నోరు తెరవకుండా నిలబడే వేషగాణ్ణి సూపర్ అనేవారు. అది సూపర్‌న్యూమరరీకి కుదింపు, లెక్కకు మించినవాడని అర్థం. మన సర్కారు ఆఫీసుల్లో సూపర్‌న్యూమరరీ పోస్టు అంటే ఇప్పటికీ అదే. వర్తకుల కొట్లో మేలురకం, నాటకశాలలో ఉన్నా లేకపోయినా ఒకటే అయినవాడు. ఇంట్లో నా స్థానం ఈ రెండింటిలో ఏ సూపర్ కిందికి వస్తుందో మా వాళ్లను నేను అడగలేదు.

బంధుబలగం విచారిస్తే గుండె గుభేలుమంది. లాటిను సూపర్, గ్రీకు హైపర్, జర్మను ఊబర్, ఇంగ్లీషు ఓవర్, మన సంస్కృతపు ఉపరి, అన్నీ ఒకే మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. ఈ తోబుట్టువులందరూ తలా ఒక దారిన హోసూరు చేరి మా ఇంట్లోనే దిగారు. మా అబ్బాయి చేసింది సూపర్. దాని మీద నేను రెండు మాటలంటే "నాయినా, ఓవర్ చేస్తాండావు". ఆ మాట విన్నాక డాక్టరు నా చీటీ మీద రాసేది హైపర్‌టెన్షన్. బెంగళూరులో రాత్రి పొద్దుపోతే అబ్బాయి ఎక్కి వచ్చేది ఊబర్. టీవీలో "ఉపరితల ఆవర్తనం" అన్నారంటే మా దేవుడి గదిలోకి మళ్లీ బకెట్టు తేవాలని అర్థం. ఇక ఐపీఎల్ రోజుల్లో అబ్బాయిది బెంగళూరు జట్టు, మనవరాలిది చెన్నై సూపర్ కింగ్స్. ఆట సమానమై సూపర్ ఓవర్ పడిందా, తోబుట్టువులు ఇద్దరూ జంటగా దిగి నన్ను మూడోవాడైన హైపర్‌కు అప్పగిస్తారు.

ఫ్రెంచివాళ్ల ఇంటి మీదుగా ఇంగ్లీషుకు వచ్చినప్పుడు ఈ సూపరే పేరు మార్చుకుని "సర్" అయింది. సర్‌చార్జిలో, సర్‌ప్లస్‌లో, సర్వేలో తలకాయ దానిదే. సర్వే చేయడమన్నా సూపర్‌వైజ్ చేయడమన్నా పుట్టుకలో ఒకటే పని, పైనుంచి చూడడం. చూడడం వరకే అయితే నాకు అభ్యంతరం లేదు, వెంటనే బిల్లు కూడా పంపుతారు.

బిల్లంటే గుర్తొచ్చింది. తమిళనాట బంగారాన్ని సవరన్ల లెక్కన అమ్ముతారు. సవరన్ అంటే 8 గ్రాములు. ఇంగ్లండు వాళ్ల సావరిన్ అనే బంగారు నాణెం నుంచి వచ్చిన లెక్క అది. ఆ సావరిన్ అనే మాటా సూపర్ కడుపున పుట్టిందే, అందరికంటే పైవాడు, అంటే ఏలిక అని అర్థం. మనవరాలి చెవులకు కమ్మలు కొనడానికి వెళ్లాం. కోడలు ఒక జత చేతిలోకి తీసుకుని "సూపర్" అంది. కొట్టాయన సవరన్ ధర చెప్పాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకే గల్లాపెట్టె దగ్గర నన్ను చుట్టుముట్టారు.

రైలుశాఖ సంగతి అందరికీ తెలిసిందే. బ్రాడ్‌గేజి మీద రానూపోనూ సగటున గంటకు 55 కిలోమీటర్లు నడిస్తే చాలు, ఆ బండి సూపర్‌ఫాస్ట్. స్లీపరు టికెట్టు మీద 30 రూపాయలు సర్‌చార్జి. సూపర్ ముందు వస్తుంది, సర్ వెనకనుంచి వచ్చి జేబులో చెయ్యి పెడుతుంది. 55 కిలోమీటర్ల వేగం ఏపాటిదో హోసూరువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1980లో ఇక్కడ టీవీఎస్ మోపెడు తయారీ మొదలైంది. ఆ జాతి బండి మీద భార్యనూ, బిడ్డనూ, కొత్తిమీర మూటనూ ఎక్కించుకున్న రైతు కూడా రోడ్డు ఖాళీగా ఉంటే ఆ అంకెకు ఎంతో దూరంలో ఉండడు. అతను ఏనాడూ సర్‌చార్జి అడగలేదు. సూపర్‌ఫాస్ట్ బండ్లు ఆలస్యంగా నడుస్తున్నా సర్‌చార్జి మాత్రం వసూలవుతోందని 2017లో కాగ్ నివేదికే ఎత్తిచూపింది. ఈ విషయంలో కృష్ణగిరి పట్టణంవాళ్లు అదృష్టవంతులు. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైంది గానీ ఊరికి రైలుస్టేషను లేదు. తెల్లదొరల కాలంలో తిరుపత్తూరు నుంచి ఒక చిన్నరైలు వస్తుండేది, దాన్నీ పీకేశారు. రైలే లేనివాణ్ణి సర్‌చార్జి ఏం చేస్తుంది?

ఇంత నేరచరిత్ర ఉన్నా ముద్దాయిని ఈ జిల్లాలో ఎవరూ ముట్టుకోలేరు. కారణం ఉంది. రజనీకాంత్ పూర్వీకుల ఊరు నాచికుప్పం మా కృష్ణగిరి జిల్లాలోదే. 1978లో భైరవి సినిమా పోస్టర్ల మీద ఆయన పేరుకు సూపర్‌స్టార్ అని తగిలించినవారు పంపిణీదారు కలైపులి థాను. ఆనాటి నుంచి ఆ మాటకు ఇక్కడ పోలీసు రక్షణ అక్కర్లేదు. ఈ ఫిర్యాదు ఆయనకు ఎంతమాత్రం వర్తించదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. మా వీధిలో నేనింకా కొన్నేళ్లు కాపురం ఉండాలి. తెలుగువాళ్ల సూపర్‌స్టార్ కృష్ణగారికీ వర్తించదు, మా బావమరిది ఊరుకోడు. 2005లో నాగార్జున సినిమాకు పేరే సూపర్. 2010లో కన్నడంలో ఉపేంద్ర సినిమాకైతే పేరులో అక్షరాలే లేవు. బొటనవేలూ చూపుడువేలూ కలిపిన చేతి గుర్తే పేరు, జనం దాన్ని సూపర్ అని చదువుకున్నారు. ఉప్పులేని పులుసుకు మా మనవరాలు చూపించినది ఆ గుర్తే. హోసూరు మూడు భాషల కూడలి కాబట్టి మూడు సినిమాల సూపర్లూ మా నెత్తినే పడ్డాయి.

తమిళుడు "సూపరుంగ" అంటాడు, కన్నడిగుడు "సూపరాగిదె" అంటాడు, మేము "సూపరుండాది" అంటాం. ఏ ఇంటికి పోతే ఆ ఇంటి తోక తగిలించుకుంటుంది. ఇదే హోసూరులో బిడ్డలకు తెలుగు చదువు నిలబెట్టుకోవడానికి పెద్దలు ఎన్ని గుమ్మాలు ఎక్కారో లెక్క లేదు. 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి తమిళం తప్పనిసరి అయింది. తెలుగు బడి పిల్లలు పదో తరగతి భాషా పరీక్ష ఏ భాషలో రాయాలన్నది కోర్టుల దాకా పోయింది. సూపర్‌కు చట్టం లేదు, జీవో లేదు, వాచకం లేదు, పంతులు లేడు. పరీక్ష పెట్టకుండానే అందరూ ప్యాసు. 1916లో మరైమలై అడిగళ్ తనిత్తమిళ ఉద్యమం లేవదీసినప్పుడు సంస్కృతపు మాటల్ని ఒక్కొక్కటే ఏరి బయటికి నడిపించారు. ఉపరిని వీధిగుమ్మంలో ఆపారు. దాని తోబుట్టువు పెరటి దారిన వచ్చి నట్టింట్లో కూర్చున్న సంగతి ఎవరూ చూసుకోలేదు.

వ్యాకరణం దగ్గరా అన్యాయమే. ఇంగ్లీషు విశేషణానికి మూడు మెట్లని మా అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పించారు. మంచిది, ఇంకా మంచిది, అన్నిటికన్నా మంచిది. మూడో మెట్టును సూపర్‌లేటివ్ అంటారు, పేరులోనే మన ముద్దాయి ఉన్నాడు. మా ఇంట్లో కింది రెండు మెట్లూ పగలగొట్టి మూడోదే ఉంచుకున్నారు. ఉప్మా సూపర్, కొత్త చెప్పులు సూపర్, పక్కవీధి చావు భోజనం సూపర్. నిజంగా మెచ్చుకోవలసింది వచ్చినప్పుడు ఎక్కడానికి మెట్టు మిగలక సూపర్ డూపర్, సెమ సూపర్, సూపరో సూపర్ అని గాలిలో అంతస్తులు లేపుతున్నారు.

ముద్దాయి నాకు స్వయంగా చెల్లించిన బాకీ గురించి కూడా విన్నవించుకోవాలి. నేను ఇక్కడి పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో సూపర్‌వైజరుగా పనిచేసి దిగాను. అక్కడ పైవాడు కింద చూసినా, కిందవాడు పైకి చూసినా కనిపించేది సూపర్‌వైజరే, తిట్లు రెండు వైపుల నుంచీ అతనికే. దిగేరోజు శాలువా కప్పి, మైకులో "సార్ సర్వీసు సూపర్" అన్నారు. ఆ సూపర్ సర్వీసుకు చివరి ఏళ్లలో జీతం పెంచమంటే ఎవరికీ చెవులు వినబడలేదు. చేతికిచ్చిన కాగితం మీద సూపర్‌యాన్యుయేషన్ అని ఉంది. ఏదో గొప్ప బిరుదనుకుని ఇంటికొచ్చి మూలం వెతికాను. మధ్యయుగాల లాటినులో ఏడాది వయసు దాటిన పశువును అట్లా అనేవారట. హోసూరు పక్కన మత్తిగిరిలో తెల్లదొరల నాటి పశువుల ఫారం ఉంది. అక్కడ ఏడాది దాటిన దూడకు కనీసం గడ్డి వేస్తారు.

ఇంతసేపూ తిట్టాను గనక ముద్దాయి వంశంలో ఉన్న ఒక యోగ్యుడి గురించి కూడా చెప్పకపోతే ధర్మం కాదు. మా పల్లెల్లో రైతు కొట్టుకు పోయి "రెండు మూటలు సూపర్ ఇయ్యప్పా" అంటే అది పొగడ్త కాదు, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు. 1842లో ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ దానికి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో దాని మొదటి కర్మాగారం 1906లో రాణిపేటలో వెలిసింది. ఆ సూపర్ మూటను ఒకసారి తిప్పి చూడండి. మొక్కకు అందే ఫాస్ఫేట్ 16 శాతం అని దాని మీదే అచ్చు ఉంటుంది. ఆ అంకె తప్పితే రైతు కొట్టు ముందు కూర్చుంటాడు, అధికారి నమూనా తీసుకుపోతాడు. లోపల ఏముందో పైన రాసుకుని తిరిగే సూపర్ నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

నిజానికి ఈ సీమలో మేలైన సరుకు తెలిసినవాళ్లెవరూ ఆ మాట వాడరు. కృష్ణగిరి మామిడి మండీలో తోతాపురి కొనేవాడు కాయను కోసి, కండ రంగు చూసి, పీచు చూసి, నాలుక మీద పెట్టుకుని ధర కడతాడు. గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు తీపిని కూడా బ్రిక్స్ డిగ్రీల్లో కొలుస్తారు. ఫిబ్రవరి వస్తే హోసూరు తాజ్‌మహల్ గులాబీలు విమానం ఎక్కుతాయి. వాటిని కాడ పొడవు సెంటీమీటర్లలో కొలిచి, మొగ్గ చూసి రకాలు కడతారు. మా అమ్మ అయితే పులుసు గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని ఒక్క చుక్క నాకి, "పులుపు ముందుకొచ్చింది, కారం వెనకబడింది, ఇంకో ఉడుకు రానీ" అనేది. ఆమెకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. ఆమె చెప్పాక పులుసు బాగుపడేది. మా అబ్బాయి చెప్పాక ఏదీ బాగుపడిన దాఖలా లేదు, ఎందుకంటే సూపర్ అన్న తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. మేస్త్రీకి ఆ రహస్యం బాగా తెలుసు.

కాబట్టి నా ప్రార్థన ఇది. ముద్దాయిని దేశబహిష్కారం చేయమని నేను కోరడం లేదు. చేసినా పోదు, సరిహద్దు అత్తిబెలె ఇక్కడికి కూతవేటు దూరం, సాయంత్రానికి కన్నడంలో మళ్లీ వస్తుంది. నేను కోరేది ఎరువుమూట పాటి న్యాయం. ఎవరైనా ఒకదాన్ని సూపర్ అంటే, ఆ వెంటనే అందులో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పి తీరాలి. పప్పు మెత్తగా ఉడికిందా, మిద్దె మీద ఎన్ని పూతలు వేశావు, బియ్యం పాతవా కొత్తవా, మనిషి ఏ పని బాగా చేశాడు. చెప్పగలిగితే ఆ సూపర్‌ను ఖుషీగా స్వీకరిస్తాం, అవసరమైతే దానికి డబ్బు కూడా కడతాం. శాతం చెప్పని సూపర్‌కు మా ఇంట్లో ఇకమీదట చెల్లుబాటు లేదు. ఈ తీర్మానాన్ని వంటింటి తలుపుకు అంటించాను. మా ఆవిడ చదివి, కింద తన సంతకం కూడా పెట్టింది.

మీ ఇళ్లలోనూ అంటించుకోండి. వండి పెట్టిన మనిషి ఎట్లుందని అడిగితే ఏం బాగుందో, ఏం తక్కువైందో చెప్పండి. అంత మాట పెగలకపోతే మాటే వద్దు, లేచి గిన్నెలు కడగండి.

ఇట్లు,
హోసూరు నివాసి, ఒక గృహస్థుడు